తాడేపల్లిగూడెం రైస్ మిల్లు షెడ్డులో 1994 కాంటెస్సా 1.8: కొనమంటారా?

కొత్తబండి_వద్దు
విజయవాడలో ఉంటాను. ఆఫీసుకు వెళ్లడానికి చిన్న కారు ఉంది, దానితో ఏ ఇబ్బందీ లేదు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల పాత పెద్ద కారు కాంటెస్సా మీద మాత్రం పదేళ్లుగా మనసుంది. పోయిన వారం తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లుకు పనిమీద వెళ్లాను. వెనక షెడ్డులో గోనెసంచుల చాటున నాలుగు గుండ్రటి హెడ్‌లైట్లు కనిపించాయి. వెళ్లిన పని మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను.

కాంటెస్సా క్లాసిక్, 1.8 జీఎల్ఎక్స్, ఇసుజు పెట్రోల్ ఇంజిన్, 1994 మోడల్, ఏపీ 37 నంబరు. 2014లో ఆపేశారట. ఓనరు పెద్దాయన చనిపోయారు, కొడుకు అమ్ముతానంటున్నారు. మూడు లక్షల ఎనభై వేలు చెప్పారు. పైకి బాడీ బాగానే ఉంది, మెరూన్ రంగు ఇంకా మెరుస్తోంది. టైర్లు నాలుగూ నేలకు కూర్చున్నాయి. బ్యాటరీ లేదు. మీటరు 86 వేల దగ్గర ఆగి ఉంది.

ఇంట్లో ఒప్పుకున్నారు, కానీ "నడుస్తుందో లేదో తేల్చుకున్నాకే డబ్బులు" అన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. ఏమేం చూడాలి? బాగుచేయడానికి ఎంత పెట్టుకోవాలి?

మీటర్_గేజ్
కాంటెస్సా అని రాసి ఫొటో పెట్టకపోతే ఎలా గురూ. ముందు ఆ నాలుగు లైట్ల ఫొటో పెట్టు.

లెక్కలమాస్టారు
నా మాట వింటే వద్దు. మూడు లక్షల ఎనభై కొనడానికి, దాదాపు అంతే బాగుచేయించడానికి. తర్వాత ఊళ్లో లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు. ఆ డబ్బుకు ఐదారేళ్ల వయసున్న మంచి హ్యాచ్‌బ్యాక్ వస్తుంది, ఏసీ వేసుకుని హాయిగా తిరగొచ్చు. మా తమ్ముడు ఇలాగే ఒక పాత బండి తెచ్చి రెండేళ్లు షెడ్డులో పెట్టి, చివరికి తుక్కు కింద అమ్మాడు. ఆ రెండేళ్లు వాడి మొహం చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

కడప_కాంటెస్సా
@లెక్కలమాస్టారు మీ లెక్కలో తప్పు లేదు. కానీ ఆయనకు తిరగడానికి బండి ఉందని మొదటే చెప్పారు. కావలసింది కాంటెస్సా. దాని బదులు హ్యాచ్‌బ్యాక్ అంటే, బిర్యానీ తినాలని ఉందన్నవాడికి ఇడ్లీ ఆరోగ్యం అని చెప్పినట్టే.

@కొత్తబండి_వద్దు నాది 1996, మీరు చూసిన ఇంజినే. పదకొండేళ్లుగా నా దగ్గరుంది. ఇంజిన్ గురించి అంత టెన్షన్ పడకండి. ఈ 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌నే హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో కూడా పెట్టింది. రింగులు, గాస్కెట్లు, వాటర్ పంపు లాంటివి వెతికితే దొరుకుతాయి. రీబోరు చేసే లేత్‌ షాపు మీ ఆటోనగర్లోనే వీధికొకటి ఉంటుంది. అసలు కష్టం బాడీ సామాన్లతో. టెయిల్ లైట్ గ్లాసు, డోర్ బీడింగులు, గ్రిల్లు, హ్యాండిళ్లు, అద్దం చుట్టూ ఉండే క్రోమ్ పట్టీ. ఇవి అంబాసిడర్‌వి పట్టవు, కంపెనీ 2002లోనే కాంటెస్సా ఆపేసింది. నా బండికి ఎడమవైపు టెయిల్ లైట్ కోసం పద్నాలుగు నెలలు తిరిగాను.

కాబట్టి ఇంజిన్ మూలిగినా సరే, బాడీ గట్టిగా, సామాన్లన్నీ పూర్తిగా ఉన్న బండి కొనండి. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉండి బాడీ తుప్పు పట్టిన బండి దగ్గర మాత్రం ఆగొద్దు.

ఒక చిన్న అయస్కాంతం రుమాలులో చుట్టి తీసుకెళ్లండి. ముందు ఫెండర్లలో చక్రం వెనకభాగం, డోర్ల కింద అంచులు, డోర్ తీస్తే కాలు పెట్టేచోట ఉండే సిల్లు, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందద్దం కింద మూలలు. అయస్కాంతం జారిపోయినచోట రేకు లేదు, పుట్టీ ఉన్నట్టు.

ఉప్పుగాలి
అయస్కాంతం మాట అక్షరాలా నిజం. నాకు ఎవరూ చెప్పలేదు. విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపే మా ఇల్లు. నాది 1991 కాంటెస్సా. కొన్నప్పుడు నిగనిగలాడుతోంది. ఆరు నెలలు తిరక్కుండానే కుడి ఫెండరు మీద బుడగలు లేచాయి. గీకిస్తే పుట్టీ, పుట్టీ కింద మడతపెట్టిన న్యూస్‌పేపరు, దాని కింద ఏమీ లేదు! టింకరింగ్ మేస్త్రీ అందులోంచి చెయ్యి దూర్చి నాకు చూపించాడు. ఒక్క టింకరింగుకే లక్షా నలభై వేలు అయ్యింది.

తాడేపల్లిగూడెం వైపు సముద్రం పక్కనే లేకపోయినా తేమ ఉంటుంది. పైగా రైస్ మిల్లు. ఊక దుమ్ము సందుల్లో చేరి తడి పీల్చుకుని అలాగే పట్టుకుని ఉంటుంది. లోపలి కార్పెట్ ఎత్తి ఫ్లోరు తప్పకుండా చూడండి. మొహమాట పడొద్దు.

దోసకాయపప్పు
ఆ న్యూస్‌పేపరు ఏ తేదీదండీ?

ఉప్పుగాలి
2006. ఆటల పేజీ. స్కోరు కూడా చదవడానికి వస్తోంది. దాచిపెట్టాను.

ఆటోనగర్_అబ్బాయి
మా నాన్న ముప్పై ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్లో మెకానిక్. ఇప్పుడు నేనూ అదే షెడ్డులో ఉన్నాను. ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. పదకొండేళ్లు నిలబెట్టిన బండికి కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. అమ్మేవాళ్లు ఉత్సాహంతో "ఒక్కసారి స్టార్ట్ చేసి చూపిస్తాం" అంటారు. వద్దనండి. సిలిండర్ గోడలు ఆరిపోయి ఉంటాయి, రింగులు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే గీతలు పడతాయి.

ముందు స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోయాలి. కనీసం ఒకరోజు, వీలైతే రెండు రోజులు వదిలేయాలి. తర్వాత ముందు క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పాలి. మెల్లగా తిరిగితే సగం గండం గడిచినట్టే. తిరక్కపోతే ఇంకా ఆయిల్ పోసి ఆగాలి తప్ప బలం చూపించకూడదు. పాత ఇంజిన్ ఆయిల్ దించేసి కొత్తది పోయాలి. ట్యాంకులో ఉన్న పెట్రోల్ జోలికి వెళ్లొద్దు. అది ఈపాటికి జిగురై ఉంటుంది. వాసన చూస్తేనే తెలుస్తుంది, వార్నిష్‌లా ఉంటుంది. పంపుకు వెళ్లే గొట్టం ఊడదీసి, ఒక సీసాలో కొత్త పెట్రోల్ పోసి దానికి కలపాలి. కాంటాక్ట్ పాయింట్లకు సన్న ఎమరీ కాగితం వేయాలి. ఇవన్నీ అయ్యాకే సెల్ఫ్.

ఇంకోటి. ఇంజిన్ ఆన్ అయ్యిందని సంబరంతో గేరు వేయకండి. అన్నేళ్లు ఆగిన బండికి క్లచ్ ప్లేటు అతుక్కుపోయి ఉండొచ్చు, బ్రేకులు పట్టేసి ఉండొచ్చు, అసలు పట్టకపోవచ్చు. ఎదురుగా గోడ ఉంటే ఇంతే సంగతులు.

కొత్తబండి_వద్దు
ఇంత వివరంగా చెప్పినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కొడుకుకు ఇప్పుడే ఫోన్ చేసి బ్యాటరీ తేవద్దని చెప్పాను. నిజంగానే రేపు తెప్పిద్దామనుకున్నారట.

నాలుగోగేరు
నా సలహా కాస్త వేరు. పాత ఇంజిన్ మీద ఇంత శ్రమ ఎందుకు? బాడీ బాగుంటే ఆధునిక జపాన్ డీజిల్ ఇంజిన్, గేర్‌బాక్స్ పెట్టించండి. పికప్ అదిరిపోతుంది, మైలేజీ వస్తుంది, హైవే మీద ఎవరికీ దారి ఇవ్వాల్సిన పనిలేదు. తెలిసినాయన చేయించాడు, నేను నడిపాను, బాగుంది.

కడప_కాంటెస్సా
@నాలుగోగేరు అప్పుడది కాంటెస్సా కాదు, కాంటెస్సా చొక్కా వేసుకున్న ఇంకో బండి. ఈ 1.8 ఇంజిన్ 88 హార్స్ పవర్. మొదట్లో 1984లో వచ్చిన కాంటెస్సాల్లో అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ ఉండేది, సుమారు 50 హార్స్ పవర్. అంత పెద్ద బాడీని లాగలేక ఆపసోపాలు పడేది. ఆ బండికి ప్రాణం వచ్చిందే ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లు వచ్చాక. అలాంటి ఇంజిన్‌ను తీసి బయట పెడతామా?

నాలుగోగేరు
అభిమానం నాకూ ఉందన్నా. కానీ నడపని అభిమానం ఎందుకు? కడప నుంచి తిరుపతి ఘాట్‌లో మీ బండి ఎన్నిసార్లు ఆగింది, నిజం చెప్పండి.

కడప_కాంటెస్సా
పదకొండేళ్లలో రెండుసార్లు. ఒకసారి ఫ్యాన్ బెల్టు, ఒకసారి పెట్రోల్ లేదు. రెండోది నా తప్పు.

పాతఆర్సీ
ఇంజిన్ మార్పు గురించి మాట్లాడేవాళ్లు కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఇంజిన్ మారిస్తే ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. ముందుగా అనుమతి కావాలి. వేరే రకం ఇంధనమైతే ఇంకా తలనొప్పి. నమోదు లేని ఇంజిన్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర చిక్కుతారు.

@కొత్తబండి_వద్దు నాకు మీ బండి రేకు కన్నా మీ బండి కాగితం గురించి బెంగగా ఉంది. ఓనరు చనిపోయారన్నారు. ఆయన పేరు మీదున్న బండిని కొడుకు మీకు నేరుగా అమ్మలేరు. ముందు ఫారం 31తో, డెత్ సర్టిఫికెట్, వారసుల ధ్రువపత్రం పెట్టి కొడుకు తన పేరుకు మార్చుకోవాలి. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఆ తర్వాతే మీ పేరుకు మార్చే ఫారం 29, 30. ఈ మధ్యలో ఎవరైనా "పెద్దాయన సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఉన్నాయి, వాటితో పని కానిద్దాం" అంటే దండం పెట్టి వచ్చేయండి. అలా చేయడం నేరం.

ఇక ఆర్సీ గడువు. 1994లో రిజిస్టర్ అయితే 15 ఏళ్లకు 2009లో మొదటి గడువు, రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లు, అంటే 2014. అందుకే ఆ ఏడాది ఆపి ఉంటారు. ఇప్పుడు ఫారం 25తో మళ్లీ రెన్యువల్, బండిని ఇన్‌స్పెక్షన్‌కు చూపించాలి. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ఆలస్యానికి అదనం, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఈ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో బేరంలోనే తేల్చుకోండి.

ఆర్సీ మీద ఏదైనా బ్యాంకు పేరు ఉందేమో చూడండి. తొంభైల్లో గోదావరి జిల్లాల్లో చాలా బండ్లకు ఆంధ్రా బ్యాంకు లోన్లే. అది 2020 ఏప్రిల్ నుంచి యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి, లోన్ తీరినట్టు కాగితం, ఫారం 35 అక్కడ అడగాలి.

చివరగా, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ మీరే స్వయంగా ఆర్సీతో పోల్చండి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి.

దోసకాయపప్పు
వింటేజ్ కారు అని రిజిస్టర్ చేసుకుంటే ఈ గొడవలు తప్పుతాయి కదా?

పాతఆర్సీ
2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటాలి. ఈ బండికి 2044 దాకా ఆగాలి. పైగా వింటేజ్‌గా నమోదైన బండిని మామూలుగా రోడ్ల మీద తిప్పుకోవడానికి లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, అలాంటివాటికే. నడుపుకోవాలంటే మామూలు ఆర్సీయే మేలు.

లూటన్_నుంచి
ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మాది భీమవరం, ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో లూటన్‌లో ఉంటున్నాను. కాంటెస్సాకు మూలమైన వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్ఈ ఈ ఊరి బండే. 1972లో ఇక్కడ మొదలై 1978కి ఆగిపోయింది. ఆ బాడీ తయారుచేసే పరికరాలే హిందుస్థాన్ మోటార్స్ కొని బెంగాల్‌లోని తన ఉత్తరపారా ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. లూటన్‌లో కార్ల తయారీ ఆగిన 2002లోనే అక్కడ కాంటెస్సా కూడా ఆగింది. ఇక్కడి వాన్ల ఫ్యాక్టరీ కూడా 2025 మార్చిలో మూతపడింది. ఆ గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మా ఊళ్లో డాక్టరు గారి తెల్ల కాంటెస్సా గుర్తొస్తుంది.

ఇక్కడ పాత విక్టర్‌లు, అదే బండి తర్వాతి పేరైన వీఎక్స్‌లు కాపాడుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందద్దం రబ్బరు, కొన్ని బీడింగుల విషయంలో కొలతలు పంపితే నేను కనుక్కుంటాను. రెండూ ఒకే బాడీ నుంచి వచ్చినా కాంటెస్సాకు ముందూ వెనకా మార్పులు చేశారు, కాబట్టి కొలవకుండా ఏదీ ఆర్డర్ పెట్టొద్దు.

ఉప్పుగాలి
@లూటన్_నుంచి ముందద్దం రబ్బరు నాకూ కావాలి! కొలత రేపే పంపుతాను.

సియెర్రా91
వరంగల్ నుంచి. నాది కాంటెస్సా కాదు, పాత టాటా సియెర్రా. 1991లో వచ్చిన మూడు డోర్ల బండి. కానీ కడప అన్న చెప్పిన బాడీ సామాన్ల బాధ నాకూ తెలుసు. దాని వెనకవైపు పైకప్పు దాకా వంగి ఉండే పెద్ద అద్దం ఉంటుంది. ఆ బండి అందమంతా అందులోనే ఉంది, భయమంతా కూడా అందులోనే. పగిలితే ఎక్కడ దొరుకుతుందో చెప్పలేం. క్రికెట్ ఆడే పిల్లలున్న సందులోకి నేను బండి తీసుకెళ్లను. 2025లో టాటా అదే పేరుతో కొత్తది తెచ్చాక, పెట్రోల్ బంకులో జనం దీని దగ్గరకొచ్చి "ఇది ఒరిజినలా అన్నా?" అని అడుగుతున్నారు. బండి దిగి ఐదు నిమిషాలు చెబుతాను. విసుగు రాదు.

లెక్కలమాస్టారు
సరే, కొనాలనే పట్టుదల ఉంటే ఢిల్లీ బండ్లు చూడొచ్చు కదా. అక్కడ పెట్రోల్ బండికి పదిహేనేళ్లు, డీజిల్‌కు పదేళ్లు అనే నిబంధన వల్ల తక్కువకు వదిలేస్తారంటారు.

పాతఆర్సీ
తక్కువకే వస్తాయి. కానీ అక్కడి నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. బండికి వయసు అయిపోయాక ఎన్ఓసీ దగ్గరే చిక్కులు రావచ్చు. ఇదేమో మన రాష్ట్రం బండి, ఏపీ 37 నంబరు అలాగే ఉంటుంది. ముప్పై ఏళ్ల నంబరు ప్లేటు కూడా బండిలో భాగమే.

కొత్తబండి_వద్దు
ఆదివారం వెళ్లొచ్చాను. ఆటోనగర్_అబ్బాయి తన పని మానుకుని నాతో వచ్చాడు, పెట్రోల్ డబ్బులు కూడా తీసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

అయస్కాంతం ముందు ఫెండర్లకు, డోర్లకు గట్టిగా పట్టింది. ఎడమ సిల్లు వెనక చివర జానెడు మేర పట్టలేదు. డిక్కీలో మ్యాటు ఎత్తితే స్టెప్నీ గుంటలో రెండు చిల్లులు, నా బొటనవేలు పట్టేంత. కార్పెట్ కింద ఫ్లోరు బాగుంది, ఉప్పుగాలి గారు చెప్పినట్టు దోసెడు ఊక వచ్చింది. గ్రిల్లు, హ్యాండిళ్లు, క్రోమ్ పట్టీలు అన్నీ ఉన్నాయి. కుడి టెయిల్ లైట్ గ్లాసు పగిలి ఉంది. డోర్ మూసినప్పుడు వచ్చిన ఆ "దబ్" శబ్దం వినడానికి నాలుగైదుసార్లు ఊరికే తీసి మూశాను.

రెండు సమస్యలు బయటపడ్డాయి. డిక్కీ మూత కీలు దగ్గర మెరూన్ కింద తెలుపు కనిపించింది. ఆర్సీలో చూస్తే రంగు తెలుపు అనే ఉంది. ఇక రెండోది అసలు సమస్య. ఛాసిస్ నంబరు కలిసింది. ఇంజిన్ నంబరు కలవలేదు.

మీటర్_గేజ్
అయ్యో.

కడప_కాంటెస్సా
నంబరు దగ్గర గీకిన గుర్తులు, మళ్లీ కొట్టిన గుర్తులు ఉన్నాయా? అలా ఉంటే వదిలేయండి. శుభ్రంగా ఉండి వేరే నంబరైతే, ఎప్పుడో అంబాసిడర్ ఐఎస్‌జెడ్ ఇంజిన్ తెచ్చి వేసి ఉంటారు. అప్పట్లో అది మామూలు.

ఆటోనగర్_అబ్బాయి
నేను చూశాను. గీతలు లేవు, కంపెనీ కొట్టిన నంబరే. ఇంజిన్ రకం అదే ఇసుజు 1.8. బ్లాకు మీద పాత రంగు వేరేగా ఉంది. మార్చిన ఇంజినే.

లెక్కలమాస్టారు
ఇప్పటికైనా ఆగండి. దొంగ బండి ఇంజిన్ అయితే మీ మెడకు చుట్టుకుంటుంది.

పాతఆర్సీ
మాస్టారి భయం సరైనదే, కానీ దారి ఉంది. ఆ ఇంజిన్ ఎక్కడ కొన్నారో బిల్లు కావాలి. బిల్లు ఉంటే ఇంజిన్ మార్పు నమోదుకు అడగొచ్చు, రంగు మార్పు కూడా దానితో పాటే. బిల్లు లేకపోతే నేనైతే ఒక్క రూపాయి కూడా ఇవ్వను. రైస్ మిల్లు అన్నారు కదా, కారు మిల్లు ఖర్చుల్లో రాసి ఉండొచ్చు. పాత లెక్కల పుస్తకాలు ఉన్నాయేమో అడగండి. మిల్లుల్లో కాగితం అంత తేలిగ్గా పారేయరు.

నాలుగోగేరు
ఒరిజినల్ ఇంజిన్ గురించి మనం ఇంత వాదించుకున్నాం, చివరికి ఆ బండిలో ఉన్నది దాని ఇంజిన్ కాదు. అయినా రకం అదే కాబట్టి కడప అన్న మాటే నెగ్గాలని కోరుకుంటున్నాను.

కొత్తబండి_వద్దు
పాతఆర్సీ గారూ, మీకు పాదాభివందనం. మిల్లులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమస్తా గారు ఉన్నారు. అటక మీద నుంచి 2003 నాటి వోచర్ల కట్ట దించారు. ఏలూరులో ఒక పార్టుల షాపు బిల్లు, "అంబాసిడర్ ఇసుజు ఇంజిన్ ఒకటి", ఇంజిన్ నంబరుతో సహా. మేం తీసిన పెన్సిల్ ప్రింటుతో అంకె అంకె సరిపోయింది. గుమస్తా గారికి ఆ బండి మీద ఎంత ప్రేమంటే, పెద్దాయన దానిలో ఏ ఊళ్లకు వెళ్లేవారో, వెనక సీట్లో ఎవరెవరు కూర్చునేవారో గంటసేపు చెప్పారు. పాత ఇంజిన్ ఎందుకు పోయిందో కూడా. రాజమండ్రి దారిలో రేడియేటర్ గొట్టం పగిలిందని తెలియకుండా డ్రైవర్ అలాగే నడిపాడట.

తుప్పు, టెయిల్ లైట్, ఇంజిన్ కాగితాలు అన్నీ చెప్పి బేరమాడితే రెండు లక్షల తొంభైకి ఒప్పుకున్నారు. పాతిక వేలు అడ్వాన్సు, ముందు వారసుల పేరుకు మార్చాకే మిగతాది అని స్టాంపు కాగితం మీద రాసుకున్నాం.

ఇంకో మాట. ఆయిల్ పోసి వదిలిన ఇంజిన్ మూడో రోజు స్పానర్‌తో తిరిగింది. సీసాలో పెట్రోల్‌తో, ఆరో ప్రయత్నంలో అందుకుంది. నీలం పొగ షెడ్డంతా కమ్మేసింది, పావుగంటకు తేరుకుంది. బ్రేకులు పట్టుకుని ఉన్నచోట విప్పి శుభ్రం చేసి, పాత టైర్లు తీసి అద్దె టైర్లు వేసి, మిల్లు వెనక ధాన్యం ఆరబోసే కళ్లంలో నడిపాను. రోడ్డెక్కలేదు, ఆర్సీ గానీ ఇన్సూరెన్సు గానీ లేవు కదా. కళ్లం చుట్టూ ఫస్టు, సెకండు గేర్లలోనే పదిహేను రౌండ్లు. ఎదురుగా ఆ పొడుగాటి బానెట్టు, సోఫాలో కూర్చున్నట్టున్న సీటు. గుమస్తా గారు పక్కన కూర్చున్నారు. ఆయన ఏమీ మాట్లాడలేదు, డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి ఉంచారు.

ఉప్పుగాలి
ఈ పోస్టు మూడుసార్లు చదివాను.

సియెర్రా91
పదిహేను రౌండ్లేనా? నేనైతే చీకటి పడేదాకా దిగేవాణ్ని కాదు.

లెక్కలమాస్టారు
కాగితాలు చూసుకుని, డబ్బు ఆపి, పద్ధతిగా చేస్తున్నారు. ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. టింకరింగ్ అంచనా ఎంత చెప్పారు?

ఆటోనగర్_అబ్బాయి
సిల్లు, స్టెప్నీ గుంట కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, పుట్టీతో సర్దేది లేదు. అది నలభై వేలు. బ్రేకులు మొత్తం, టైర్లు, క్లచ్, ట్యాంకు కడగడం, వైరింగ్ చూసుకోవడం కలిపి ఇంకో లక్ష. పెయింటు ఇప్పుడొద్దని నేనే చెప్పాను. ముందు బండి ఆగాలి, తిరగాలి, వేడెక్కకూడదు. రంగు తర్వాత.

పెట్రోల్ గొట్టాలన్నీ కూడా మార్చేస్తున్నాం. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది, పాత రబ్బరుకు అది పడదు. గొట్టాలు మెత్తబడి చెమరుస్తాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కార్బొరేటర్ గాస్కెట్లు, పంపు డయాఫ్రమ్ కూడా కొత్తవే. ట్యాంకులో పెట్రోల్ అలాగే నెలలు ఉంచొద్దు, బండి వాడుతూ ఉండాలి.

కడప_కాంటెస్సా
ఇంటి దగ్గర పార్కింగ్ కొలుచుకున్నారా? పొడవు 4.59 మీటర్లు, పదిహేను అడుగులు. అపార్ట్‌మెంటులో స్తంభాల మధ్య అయితే ముందే టేపు పెట్టి చూసుకోండి. నేను చూసుకోకుండా తెచ్చి, మొదటి నెల బండి ముక్కు పక్కవాళ్ల స్థలంలో పెట్టాను. వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది.

కొత్తబండి_వద్దు
కొలిచాను. నాలుగు అంగుళాలు మిగులుతోంది.

కొత్తబండి_వద్దు
ఐదు నెలల తర్వాత రాస్తున్నాను. వారసుల ధ్రువపత్రానికే రెండు నెలలు పట్టింది. మిగతావి ఒకదాని వెనక ఒకటి అయ్యాయి. ఇన్‌స్పెక్షన్‌కు రెండుసార్లు వెళ్లాం, మొదటిసారి హ్యాండ్ బ్రేకు సరిగా పట్టలేదని వెనక్కి పంపారు. నిన్న నా పేరుతో ఆర్సీ వచ్చింది, ఇంజిన్ నంబరు, మెరూన్ రంగు నమోదై. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ముందే తీసుకున్నాను.

ఈ ఉదయం ఐదింటికి విజయవాడ నుంచి బయలుదేరి, హనుమాన్ జంక్షన్‌లో టీ తాగి, ఏలూరు మీదుగా గూడెం వెళ్లాను. గంటకు డెబ్బై, ఎనభై దాటలేదు. అయిదో గేరులో ఆ వేగంలో ఇంజిన్ చప్పుడు కన్నా గాలి చప్పుడే ఎక్కువ. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి చెయ్యి ఊపారు. మిల్లు దగ్గర గుమస్తా గారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పాను, ఈసారి వెనక సీట్లో, పెద్దాయన కూర్చునే వైపు. తిరుగు ప్రయాణంతో కలిపి లీటరుకు పదిన్నర ఇచ్చింది. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు.

కుడి టెయిల్ లైట్ గ్లాసు మాత్రం ఇంకా దొరకలేదు. ఎర్ర ప్లాస్టిక్ అతికించి తాత్కాలికంగా నడుపుతున్నాను. చెన్నై పుదుపేట అంతా తిరిగాను.

మీటర్_గేజ్
ఫొటో!! ఇంకా ఫొటో పెట్టలేదు నువ్వు.

కడప_కాంటెస్సా
కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెతకాలి. నాకు పద్నాలుగు నెలల తర్వాత అక్కడే దొరికింది. వచ్చే నెల మా బావమరిది అక్కడికి వెళ్తున్నాడు. మీ పాత గ్లాసును నాలుగువైపుల నుంచి ఫొటో తీసి, స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలిచి పంపండి. కుడి అని పెద్ద అక్షరాలతో రాయండి, లేకపోతే వాడు ఎడమది తెస్తాడు.

ఉప్పుగాలి
ఒకవేళ ఎడమది తెస్తే నాకు పంపండి. నాకు కావలసింది ఎడమదే.